డాక్టరమ్మ వీసా, అజూర్ దాటని నా డైరీలు

వీసా అనే మాటను నేను వినకముందే టైపు చేశాను. ఎట్లా పలకాలో తెలియక, టైపు మిషన్ మీద ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి కాగితం వైపు చాలాసేపు చూశాను. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కరీంనగరానికి బస్సులో గంట దూరంలో ఉన్న మా ఊళ్లో, క్రైస్తవ మిషన్ వాళ్ల ప్రసూతి ఆస్పత్రిలో టైపిస్టుగా చేరి ఏడాది దాటింది. ఆ ఉద్యోగం నాకు నచ్చడానికి ఒక చిన్న కారణం ఉంది. నా బల్ల గోడకు ఆనించి ఉండేది. వచ్చేవాళ్లకు నా వీపు తప్ప ముఖం కనిపించదు. మాట్లాడవలసిన వాళ్లు పక్క గదిలోని గుమాస్తాతో మాట్లాడి పోయేవారు. సొరుగులో ఎప్పుడూ గ్రంథాలయం పుస్తకం ఒకటి ఉండేది. కాగితాలు లేని వేళ సొరుగు జానెడు తెరిచి చదువుకునేదాన్ని.

ఆస్పత్రి మొత్తానికి ఒక్కతే డాక్టరమ్మ. ఆమె సొంత ఊరు లక్సెట్టిపేట. తండ్రి అక్కడి చర్చిలో ఉపదేశిగా పనిచేసి చనిపోయాడు. చదువు అయిపోగానే మా ఊరికి వచ్చి ఏడేళ్లుగా ఇక్కడే ఉంది. ఆమె గొంతు కాన్పుల గదిలో మొదలైతే గేటు దగ్గరి కావలి మనిషికి వినిపించేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. ఆమె గదిలో మందుల అల్మారా ఉండేది. దాని తలుపు లోపలి వైపు ప్రపంచపటం అతికించుకుంది. దూది కోసమో అయోడిన్ కోసమో తలుపు తెరిచినప్పుడల్లా సముద్రాలన్నీ కనిపించి, మూయగానే పోయేవి. ఆ పటం ఎందుకో నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది.

దేశదేశాల ప్రభుత్వాలు కలిసి నడిపే ఒక ఆరోగ్య సంస్థకు ఆమె అంతకుముందు రెండుసార్లు దరఖాస్తు పెట్టుకుందట. రెండుసార్లూ రాలేదు. మూడోసారి వచ్చింది. ఆఫ్రికా ఖండంలో ఒక దేశానికి పోయి, రెండేళ్లు అక్కడి మంత్రసానులకు పాఠాలు చెప్పాలి. దసరా వెళ్లిన రెండు వారాలకు తరగతి మొదలు. ఆ రోజుకు అక్కడ లేకపోతే జాబితాలో రెండో పేరు ఉన్నవాళ్లను పిలుస్తామని ఉత్తరంలో స్పష్టంగా రాసి ఉంది. ఆ ఉత్తరానికి నకలు తీసింది నేనే కాబట్టి ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు.

సంస్థ ఉద్యోగి అయినందువల్ల ఆమె మామూలు వీసా కాదు, డిప్లొమాటిక్ వీసా అడగాలట. ముందు మన దేశపు పాస్‌పోర్టు తెచ్చుకోవాలి. ఆ తర్వాత సంస్థ ఉత్తరం జతచేసి, ఢిల్లీలో ఉన్న ఆ దేశపు రాయబారి కచేరీకి దరఖాస్తు పంపాలి. ఈ సంగతి ఇంట్లో చెబితే అవ్వ, అంటే మా అమ్మ, చేస్తున్న పని ఆపి కూర్చుంది. డిప్లొమాటిక్ అంటే ఏందని బాపును, మా నాన్నను, అడిగింది. బాపు తహసీలు కచేరీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి అప్పటికి నాలుగేళ్ల కింద దిగిపోయాడు. ప్రపంచంలో ప్రతి సంగతికీ ఆయనకు నిజాం సర్కారు నాటి పోలిక ఒకటి దొరికేది.

“అప్పట్ల పెద్ద దొరలు వస్తే సర్కారీ మెహమాన్, సర్కారు చుట్టం అని కాగితం ఉండేది,” అన్నాడు. “సరిహద్దు నాకా కాడ వాళ్ల పెట్టెలు విప్పేటోళ్లు గాదు. సలాం కొట్టి ఇడిసిపెట్టేటోళ్లు. గసొంటిదే గిది.”

“అయితే మన డాక్టరమ్మ దొరసాని అయితదన్నట్టు,” అంది అవ్వ. ఒక్క నిమిషం ఆలోచించి, “మరి ఊళ్లె కాన్పులు ఎవలు జేస్తరు?” అంది. మెదక్ నుంచి ఇంకో డాక్టరమ్మ వస్తుందని చెప్పిన తర్వాతే ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

దరఖాస్తు నాలుగు పేజీలు. ఒక్కో పేజీని మూడు ప్రతులుగా, మధ్యలో కార్బన్ పెట్టి టైపు చేయాలి. ఒక తప్పు పడితే మూడూ పాడు. అందులో గడులు విచిత్రంగా ఉండేవి. బిరుదులు ఏవైనా ఉంటే రాయమన్నారు. వెంట వచ్చే సేవకులు ఎందరని ఒక గడి. నేను అక్కడ ఆగిపోయి, కాగితాన్ని మిషన్‌లోంచి తీయకుండానే లేచిపోయి కాన్పుల గది తలుపు పక్కన నిలబడ్డాను. పిలవడం నాకు చేతకాదు. ఎవరో ఒకరు చూసేదాకా నిలబడతాను. డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం విని గట్టిగా నవ్వింది. సేవకులు లేరనీ, సబ్బుబిళ్ల కూడా తనే మోసుకుంటాననీ రాయమంది. సున్నా అని కొట్టాను.

ఫోటోల కోసం కరీంనగరం పోతే, స్టూడియో ఆయన ఆమె చేతికి కాగితం పూలగుత్తి ఇచ్చి, వెనక జలపాతం తెర దించి తీశాడు. పెళ్లిచూపులకు అనుకున్నాడట. మళ్లీ పోయి ఉత్త గోడ ముందు తీయించుకుని వచ్చింది. మొదటి ఫోటో ఒకటి నాకు ఇచ్చింది. అది ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఇదంతా వానకాలం మొదట్లో. దరఖాస్తు ఢిల్లీకి పోయింది. పాస్‌పోర్టు కూడా దానితోనే పోయింది. నేను మళ్లీ సొరుగు తెరుచుకున్నాను.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ లావుపాటి కవరే తిరిగి వచ్చింది. ఆస్పత్రికి వచ్చే టపా విప్పడం నా పని. లోపల పాస్‌పోర్టు, దరఖాస్తు, పైన మర్యాదగా నాలుగు వాక్యాల ఉత్తరం. సంస్థ పంపిన పత్రంలో పుట్టిన సంవత్సరం 1931 అని ఉంది. పాస్‌పోర్టులో 1930 అని ఉంది. ఇద్దరూ ఒకే వ్యక్తి అని నమ్మకం కలిగితే తప్ప డిప్లొమాటిక్ వీసా ఇవ్వలేము. సరైన సంవత్సరానికి రెవెన్యూ అధికారి ధ్రువపత్రం జతచేసి, పాస్‌పోర్టు సరిచేయించి పంపండి.

సంస్థకు రాసిన కాగితాలు డాక్టరమ్మ తన చేత్తో రాసుకుంది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపింది నేను.

అది ఎట్లా జరిగిందో నాకు వెంటనే గుర్తొచ్చింది. ఎండకాలంలో ఆ దరఖాస్తుకు ఆమె బడి సర్టిఫికెట్ కావలసి వచ్చింది. ఆమె చదివింది సర్కారు ఉర్దూ బడి. సర్టిఫికెట్ అంతా ఉర్దూలో, తేదీ ఫసలీలో, అంటే పాత సర్కారు పంటల పంచాంగంలో, ఉంది. నిజాం సర్కారులో కాగితం మీద ఏ తేదీ అయినా ఫసలీలోనే రాసేవారు. ఆమె పుట్టింది తీర్ నెల, 1340 ఫసలీ. నాకు ఉర్దూ అక్షరాలు బాపు నేర్పాడు కాబట్టి తర్జుమా పని నా మీద పెట్టారు. ఆ రోజు లోపల కష్టమైన కాన్పు. డాక్టరమ్మ తలుపు సందులోంచి తల బయటపెట్టి, “పుట్టిన రోజు నీకు తెలుసు గద, మే నెల. సాలు సర్టిఫికెట్ జూసి వెయ్యి,” అని లోపలికి పోయింది. సాలు అంటే సంవత్సరం. నేను 1340కి 590 కలిపి 1930 అని వేశాను. ఆమె చేతి తడి ఆరకుండానే సంతకం చేసింది. తర్జుమా సరిచూడవలసిన కరీంనగరం పెద్దాస్పత్రి డాక్టరు దొర కూడా దాని మీద చూడకుండానే సంతకం చేశాడు.

ఆ ఉత్తరాన్ని నేను టైపు మిషన్ ముసుగు కింద పెట్టాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఎవరికీ చెప్పలేదు. అయిదు గంటలకు మిషన్ మీద ముసుగు సరిచేసి ఇంటికి వచ్చేశాను.

బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. నేను వేరే ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. తీర్ నెల 1340 అంటే ఇంగ్లీషు సాలు ఎంత?

బాపు పేపరులోంచి తల ఎత్తకుండానే ముప్పై ఒకటి అన్నాడు.

590 కలిపితే ముప్పై వస్తుంది కదా అన్నాను.

“అజూర్‌ల అయితే వస్తది. ఫసలీ సాలు అజూర్‌ల మొదలైతది, అంటే మన అక్టోబర్. తీర్ అంటే ఎండకాలం. నడుమల జనవరి వచ్చిపోలే? జనవరి దాటినంక 591 కలపాలె.” అప్పుడు తల ఎత్తి నన్ను చూశాడు. “నీకు గది తెల్వకుండ ఎట్లుంటది, గన్ని డైరీలు ముంగట పెట్టుకొని?”

ఆ డైరీల సంగతి ఇక్కడ చెప్పాలి. నిజాం సర్కారు ప్రతి ఏడాది గుమాస్తాలకు అచ్చు డైరీ ఒకటి ఇచ్చేది. ఎర్ర బట్ట అట్ట, పైన సర్కారు ముద్ర. ప్రతి పేజీ మీద ఫసలీ తేదీ ఉర్దూలో, దాని కింద ఇంగ్లీషు తేదీ చిన్న అంకెల్లో. బాపు వాటిలో ఒక్క మాట రాయలేదు. రాస్తే ఎప్పుడైనా పైవాళ్లు చూస్తారని ఆయన భయం. ఏడాదికొకటి ఇంటికి తెచ్చి రేకు పెట్టెలో పడేశాడు. నాకు ఎనిమిదేళ్లు వచ్చి రాయడం బాగా పట్టుబడ్డాక, ఖాళీ కాగితం అంటే ఆ పెట్టే. ప్రతి దసరా సెలవుల్లో ఒక డైరీ తీసి, ఈసారి ఏడాదంతా రాస్తానని ఒట్టు పెట్టుకునేదాన్ని. దసరా వచ్చేది అజూర్‌లో కాబట్టి సరిగ్గా మొదటి పేజీల నుంచే రాసేదాన్ని. మొదటి పేజీ మీద పైన ఫసలీ సంవత్సరం, కింద ఇంగ్లీషు సంవత్సరం ఉండేవి. ఏ డైరీ తెరిచినా ఆ రెంటికీ తేడా 590. నేను కనిపెట్టిన లెక్క అది. చాలా గర్వంగా ఉండేది.

బడి తెరవగానే రాయడం ఆగిపోయేది. అందుకే జనవరి పేజీ ఎట్లా ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు.

బాపుకు నా ముఖం చూసి ఏదో తెలిసింది. అడిగితే అన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. మెల్లగా నవ్వాడు కూడా. “నీ డైరీలన్ని అజూర్‌లనే సచ్చిపోయినయ్ బిడ్డా. ఒక్కటన్న తీర్ దాక బతికుంటే గిట్ల గాకపోవు,” అన్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచి, లోపల రేకు పెట్టె దగ్గరికి దీపం పట్టుకురమ్మన్నాడు.

1340 డైరీ అడుగున దొరికింది. బాపు కొత్తగా నౌకరీలో చేరిన రోజుల నాటిది. తీర్ పేజీలు తిప్పి చూశాం. ఖాళీగా, తెల్లగా ఉన్నాయి. తేదీ కింద చిన్న అంకెల్లో మే, 1931. ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదని బాపు అన్నాడు. దీన్ని తహసీల్దారుకు చూపిస్తే ధ్రువపత్రం ఇస్తాడు.

నాకు మాత్రం ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ డైరీ నేను పదమూడో ఏట రాసింది. దానిలో అజూర్ పన్నెండో తేదీ పేజీలో ఏముందో నాకు తెలుసు. బాపు పడుకున్నాక తెరిచి చూసుకున్నాను. అక్షరాలు గొంగళిపురుగుల్లా ఉన్నాయి.

“నాకు జరం. బాపు దవాఖానకు తోల్కపోయిండు. కొత్త డాక్టరమ్మ వచ్చింది. జడ ఎలుక తోక లెక్క ఉన్నది. నాలుక చూసింది. పేరు ఏంది అని అడిగింది. నేను చెప్పలేదు. బాపు చెప్పిండు. డాక్టరమ్మ మాట్లాడితే గేటు కాడికి వినవడ్తది. నాకు గట్ల మాట్లాడుడు ఎప్పుడన్న వస్తదా.”

ఆ పేజీ చింపేయాలనిపించింది. చింపితే సర్కారు డైరీలో ఆకు పోయిందని అనుమానిస్తారు. చింపలేదు.

మరునాడు పొద్దున్నే ఆస్పత్రికి పోయి ముసుగు కింది ఉత్తరం తీసుకుని డాక్టరమ్మ గదికి పోయాను. ఈసారి ఎవరో చూసేదాకా నిలబడలేదు, లోపలికే పోయాను. ఉత్తరం బల్ల మీద పెట్టి, తప్పు నాదనీ, నిన్ననే వచ్చిందనీ, దాచిపెట్టాననీ చెప్పాను. ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్లీ విప్పింది. తిట్టినా బాగుండేదనిపించింది.

“ఇంక ఎన్ని దినాలున్నయ్?” అని అడిగింది.

ఓడ అందుకోవాలంటే దసరాకు నాలుగు రోజుల ముందే బయలుదేరాలి, దానికి యాభై మూడు రోజులని చెప్పాను. నేను రాత్రే లెక్కపెట్టుకున్నాను.

ఆమె లేచి ఏదో మందు కోసం అల్మారా తలుపు తెరిచింది. పటం కనిపించింది. మందు తీయకుండానే మూసేసింది. “చదవకుండ సంతకం పెట్టింది నేను. సగం తప్పు నాది,” అంది. “నిన్నటి దినం మాత్రం నీదే. గా దినం నాకు బాకీ ఉన్నవ్.”

లక్సెట్టిపేట చర్చిలో బాప్తిస్మం పుస్తకం ఉంటుందేమో, ముందు అక్కడ చూద్దామంది. వాళ్ల అన్నకు ఉత్తరం రాస్తే వారంలో జవాబు వచ్చింది. ఆ సంవత్సరాల పుస్తకం ఒక గోదావరి వరదలో తడిసి, ఆకులన్నీ అట్టలా అతుక్కుపోయాయట. విప్పబోతే పొరలు పొరలుగా ఊడి వస్తున్నాయట. ఇక మిగిలింది నా డైరీయే. నలభై ఆరు రోజులున్నాయి.

ఇద్దరం కలిసి తహసీలుకు పోదామని సోమవారం అనుకున్నాం. సోమవారం పొద్దున పక్క ఊరి నుంచి ఎడ్లబండిలో కవలల కాన్పు వచ్చింది. డాక్టరమ్మ అర్జీ మీద సంతకం చేసి నా చేతిలో పెట్టింది. నువ్వే పో అంది. నాతో అయ్యే పని కాదని చెప్పడానికి నోరు తెరిచేలోపు తలుపు మూసుకుంది.

బాపు నాతో తహసీలు దాకా వచ్చాడు గాని లోపలికి రాలేదు. అక్కడి పేష్కారు, అంటే తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే పెద్ద గుమాస్తా, ఒకప్పుడు బాపు చేతి కింద పని నేర్చుకున్నవాడు. తాను లోపలికొస్తే పేష్కారుకు నామోషీ అవుతుందని చెప్పి, వరండాలో బెంచీ మీద పాత జవానుతో ముచ్చట పెట్టుకున్నాడు.

తహసీల్దారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన నడివయసు మనిషి. అర్జీ చదివి, ఫసలీ అంటే తమ వైపూ ఉందనీ, కాని అది జూలైలో మొదలవుతుందనీ, ఈ అజూర్లూ తీర్లూ తనకు అర్థం కావనీ అన్నాడు. పేష్కారును పిలిచి లెక్క చెప్పమన్నాడు. తెల్లగడ్డం, చెవి వెనక కలం. బాపు కంటే పదేళ్లు చిన్నవాడైనా పెద్దగా కనిపించాడు. పేష్కారు కాగితం వైపు ఒకసారి చూసి, 590 కలపాలి, 1930 అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

“ముప్పై ఏండ్ల సంది భూముల లెక్కలు రాస్తున్న,” అన్నాడు పేష్కారు. “నిన్న మొన్నటి పిల్ల నాకు ఫసలీ నేర్పుతదా?”

నేను ఏదో అన్నాను. ఏమన్నానో నాకే వినిపించలేదు.

“గట్టిగా చెప్పమ్మా,” అన్నాడు తహసీల్దారు. “నేను పక్క జిల్లాలో లేను, ఇక్కడే ఉన్నాను.”

గదిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. కాని డాక్టరమ్మ అల్మారా తలుపు మూసిన తీరు కళ్ల ముందుకు వచ్చింది. గోడ వైపు చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను, నా బల్ల దగ్గర కూర్చున్నట్టు.

“సాలు అజూర్‌ల మొదలైతది సార్. అప్పుడు అక్టోబర్. తీర్ ఎనిమిదో నెల. నడుమల ఇంగ్లీషు సాలు మారిపోతది. అజూర్‌ల పుట్టినోళ్లకు 590, తీర్‌ల పుట్టినోళ్లకు 591. నేను గూడ గిదే తప్పు చేసిన. అందుకే వచ్చిన.”

పేష్కారు చెవి వెనక కలం తీసి చేతిలో పట్టుకున్నాడు. రాయలేదు. భూమిశిస్తుకు ఏ సాలుదని చెబితే చాలు, నెలతో తనకు పని పడలేదని, ఈసారి నాతో కాదు, తనలో తను అన్నట్టు అన్నాడు. తహసీల్దారు రుజువు ఉందా అని అడిగాడు. నేను డైరీ బల్ల మీద పెట్టాను.

అది ఉర్దూ పుస్తకం కాబట్టి కుడి వైపు నుంచి మొదలవుతుంది. నా రాత అంతా కుడి వైపు, మొదటి పేజీల్లో ఉంది. తహసీల్దారుకు తెలుగు వచ్చు. ఆయన వేళ్లు అట్ట మీద ఆనాయి, నేను ఆ వేళ్లనే చూస్తున్నాను. ఆయన మనం అందరం తెరిచినట్టే ఎడమ వైపు నుంచి తెరిచాడు. అక్కడ సంవత్సరం చివరి నెల. ఖాళీ పేజీలు. ఒక్కొక్క నెల వెనక్కి వస్తూ, కింది చిన్న అంకెలు చదువుకుంటూ మే దాకా వచ్చాడు. పేష్కారు వంగి పైన ఉర్దూ అక్షరాల మీద వేలు పెట్టి తీర్ అని చదివాడు. కింద 1931.

“అయితే అమ్మాయి చెప్పిందే నిజం,” అన్నాడు తహసీల్దారు. ఆయన ఇంకో నాలుగు ఆకులు తిప్పి ఉంటే నా రాత దగ్గరికి చేరకపోయినా, నాకు ఆ నాలుగు ఆకులూ నాలుగేళ్లలా ఉండేవి. తిప్పలేదు. లోపల సర్కారు ప్రెస్సు ముద్ర ఉందేమో చూడమని పుస్తకం పేష్కారుకు ఇచ్చాడు.

పేష్కారు అలవాటుగా కుడి వైపు నుంచి తెరిచాడు.

నా గొంగళిపురుగులన్నీ ఆయన ముందు పరుచుకున్నాయి. ఆయన కనుబొమలు ముడిచి పేజీ దగ్గరికి, దూరానికి పెట్టి చూశాడు. అప్పుడు నాకు బాపు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ పేష్కారు చదువంతా ఉర్దూలోనే. తెలుగు మాట్లాడటమే తప్ప చదవరాదు. కొత్తగా తెలుగులో వచ్చే కాగితాలు పక్క గుమాస్తా చదివి వినిపిస్తాడు.

“గిదంత ఎవలు గెలికిండ్రు?” అన్నాడు.

చిన్నప్పుడు నేనే అన్నాను. మంచిగనే గెలికినవ్ అని, ముద్ర చూసి, పుస్తకం మూసి ఇచ్చాడు. తెలుగు వచ్చిన ఆయన ఎడమ నుంచి తెరిచాడు, కుడి నుంచి తెరిచిన ఆయనకు తెలుగు రాదు. బయటికి వచ్చి బాపుకు ఈ మాట చెబితే బెంచీ మీద కూర్చున్న జవాను కూడా నవ్వాడు. ధ్రువపత్రం సాయంత్రానికి చేతికి వచ్చింది. పేష్కారే ముందుండి రాయించాడు. 591 ఎందుకు కలపాలో రెండు వాక్యాలు అదనంగా రాయించాడు కూడా.

పాస్‌పోర్టు సరిచేయించడానికి డాక్టరమ్మ హైదరాబాదు పోయింది. అక్కడ అడిగితే అసలు పుస్తకం చూపించాలి కదా అని డైరీ కావాలంది. ఇవ్వనని ఎట్లా అంటాను? పాత బట్టలో చుట్టి, దారంతో రెండు ముళ్లు వేసి ఇచ్చాను. ఆమె ఉర్దూ బడిలో చదివిన మనిషి. పుస్తకం ఏ వైపు నుంచి తెరవాలో ఆమెకు తెలుసు. తెలుగూ వచ్చు. ఆమె లేని అయిదు రోజులు నేను సొరుగులో పుస్తకం తెరవలేదు. తిరిగి వచ్చాక డైరీ నా బల్ల మీద పెట్టింది. అవే రెండు ముళ్లు ఉన్నాయి. ఏమీ అనలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

పాస్‌పోర్టులో ఒక పేజీ మీద పుట్టిన సంవత్సరం సరిచేసినట్టు రాసి ముద్ర వేశారు. దరఖాస్తు నాలుగు పేజీలు మళ్లీ టైపు చేశాను. మూడు ప్రతులూ ఒక్క తప్పు లేకుండా వచ్చాయి. ఈసారి డాక్టరమ్మ సంతకం చేసే ముందు ప్రతి గడి పైకి చదివింది. సేవకులు సున్నా దగ్గర ఆగి నా వైపు చూసి నవ్వింది. కవరు మళ్లీ ఢిల్లీకి పోయింది. ఇంకా ముప్పై మూడు రోజులు.

ఆ రోజుల్లో ఆమె ఏ పనిలోనూ తేడా రానివ్వలేదు. కాని టపా వచ్చే వేళకు వరండాలో ఏదో పని పెట్టుకునేది. కావలి మనిషి కూడా, అడగకముందే, దూరం నుంచే చెయ్యి ఊపి లేదని చెప్పేవాడు. ఇంకా పద్నాలుగు రోజులుందనగా చెయ్యి ఊపలేదు. పరుగెత్తి వచ్చాడు.

డాక్టరమ్మ కవరు నా చేతికిచ్చి నువ్వే విప్పమంది. పాస్‌పోర్టు పేజీలు తిప్పితే పన్నెండో పేజీలో ఊదారంగు ముద్ర. పైన పెద్ద అక్షరాల్లో డిప్లొమాటిక్ అని. కింద ఎవరిదో పొడుగాటి సంతకం. ఆమె దాని మీద బొటనవేలు మెల్లగా రాసి, రంగు అంటలేదని చూసుకుంది. తర్వాత లోపలికి పోయి వార్డులన్నిటికీ వినిపించేటట్టు ఆ సంగతి చెప్పింది.

సాయంత్రం ఆ పాస్‌పోర్టు మా ఇంటికి కూడా వచ్చింది. బాపు చూస్తానన్నాడని ఆమే తెచ్చింది. బాపు అద్దాలు తుడుచుకుని, ముద్ర పొడుగు వెడల్పు చూసి, సర్కారీ మెహమాన్ కాగితం కంటే చిన్నగా ఉంది గాని పని అదే చేస్తుందని తేల్చాడు. అవ్వ చేతులు కడుక్కుని వచ్చి చూసింది.

“గీ ఊదారంగు ముద్రకేనా మనమందరం గింత పరేషాన్ అయింది?” అంది. అని, డాక్టరమ్మ చేతిలో సకినాల డబ్బా పెట్టింది. పెట్టెలు విప్పరట కదా, కాబట్టి సముద్రం దాటినా ఎవరూ తీసుకోరని ఆమె నమ్మకం.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా డాక్టరమ్మ పోయింది. బస్సు దగ్గరికి ఆస్పత్రి వాళ్లందరూ వచ్చారు. ఆమె చేతుల్లో పుట్టిన పిల్లలు నలుగురైదుగురు తల్లుల చంకల్లో ఉన్నారు. నేను అందరి వెనక నిలబడ్డాను. ఆమె కిటికీ దగ్గర కూర్చుని, మనుషుల మీదుగా నన్ను వేలితో పిలిచింది. దగ్గరికి పోయాను.

“అజూర్ పన్నెండు చదివిన,” అంది మెల్లగా. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని నాకు తెలియదు.

నేను నా కాళ్ల వైపు చూశాను. ఆమె తన జడ ముందుకు వేసుకుని చివర వేళ్లతో పట్టుకుంది. “ఎలుక ముసలిదైంది, తోక ఇంక సన్నబడ్డది. గాని తహసీల్ల నువ్వు మాట్లాడింది పేష్కారు నాకు చెప్పిండు. వరండల దాక వినవడ్డదట. గేటు దాక ఇంక జరంతనే దూరం బిడ్డా.”

బస్సు కదిలింది. ఆమె ఇంకేదో అడిగింది, ఇంజను చప్పుడులో వినిపించలేదు. పెదవులను బట్టి ఉత్తరం రాస్తావా అని అడిగిందనుకుంటాను.

“రాస్త డాక్టరమ్మా,” అన్నాను. వినిపించిందో లేదో అని బస్సు వెంట నాలుగడుగులు వేసి మళ్లీ అరిచాను. పక్కన ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె చెయ్యి బయటపెట్టి ఊపింది.

తరగతి మొదలయ్యే రోజుకు రెండు రోజుల ముందే చేరానని ఆమె తొలి ఉత్తరంలో రాసింది. అక్కడి రేవు కచేరీ వాళ్లు ముద్ర చూసి లేచి నిలబడ్డారట. పెట్టె విప్పలేదట. సకినాలు ఒక్కటి కూడా విరగలేదట. అవ్వకు ఆ వాక్యం మూడుసార్లు చదివి వినిపించాల్సి వచ్చింది.

ఆ ఉత్తరానికి జవాబు రాయాలంటే ప్రతిరోజూ జరిగేవి గుర్తుండాలి కాబట్టి, 1340 డైరీలో పదమూడో ఏట ఆపిన చోటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాను. రోజూ బల్ల దగ్గర, అయిదు గంటలకు, ముసుగు వేసే ముందు. ఒక సాయంత్రం ఆకు తిప్పితే పైన ఉర్దూలో వేరే పేరు కనిపించింది. కూడబలుక్కుని చదివాను. దై. అజూర్ అయిపోయిందని అప్పుడు గమనించాను. ఆ రోజు ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. తేదీ రెండు లెక్కల్లోనూ వేసి, అదే రాశాను.